పాత పికప్‌కి చలికాలం పనులు

పైడితల్లమ్మ సిరిమాను తిరిగి, కార్తీకం వచ్చిందంటే ఈ శీర్షికకి వచ్చే ఉత్తరాల తీరు మారిపోతుంది. ఎండాకాలంలో ఇంజిన్ ఉడికిపోతోందని రాసినవాళ్ళే ఇప్పుడు పొద్దున్నే స్టార్ట్ కావడం లేదని, మంచులో దారి కనబడటం లేదని రాస్తారు. ఈసారి నాలుగు ఉత్తరాలకి జవాబు రాస్తున్నాను. మొదటిదానికే సగం పైగా చోటు పట్టింది. విజయనగరంలో షెడ్డు పెట్టకముందు పదకొండేళ్ళు నేను పికప్ తోలింది అందులో రాసిన సాలూరు, సుంకి ఘాట్ రోడ్డు మీదే. ఉత్తరం చదువుతుంటే మలుపులన్నీ కళ్ళముందు తిరిగాయి.

ప్రశ్న: మేస్త్రీ గారూ, మాది గజపతినగరం దగ్గర పల్లె. 2009 మోడల్ బొలెరో పికప్ ఉంది. వెనక చక్రాలకే పవర్. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను, నా దగ్గరికొచ్చి ఆరేళ్ళయింది. వారానికి మూడుసార్లు రాత్రి రెండింటికి బయల్దేరి సాలూరు, సుంకి మీదుగా ఒడిశాలో కొండ మీదున్న సెమిలిగుడ వెళ్ళి అల్లం, క్యాబేజీ తెస్తాను. వెళ్ళేటప్పుడు ఖాళీ, వచ్చేటప్పుడు లోడు. పోయిన సంక్రాంతి ముందు ఖాళీగా వెళ్తుంటే ఘాట్ మలుపులో బండి వెనక భాగం పక్కకి జారింది. ఎలాగో బతికిపోయాం. తెల్లవారుజామున స్టార్ట్ అవడానికి కూడా ఏడిపిస్తోంది. మా బావమరిది ఇది అమ్మేసి ఫోర్ వీల్ డ్రైవ్ బండి తీసుకోమంటున్నాడు. అలా అయితే అప్పు చెయ్యాలి. ఈ బండితో చలికాలం గడుస్తుందా? ఏమేం చేయించాలి?

జవాబు: గడుస్తుంది. అప్పు మాట పక్కన పెట్టండి. ఫోర్ వీల్ డ్రైవ్ అంటే నాలుగు చక్రాలూ తోస్తాయి, అంతే. బురదలోంచి బయటపడటానికి, మట్టి గట్టు ఎక్కడానికి అది బాగా పనికొస్తుంది. ఆగడానికి మాత్రం పనికిరాదు. బ్రేకులు ఏ బండికైనా నాలుగు చక్రాలకీ ఉంటాయి, రోడ్డుని పట్టుకునేది ఏ బండికైనా టైరే. సెమిలిగుడ దాకా మీరు వెళ్ళేది తారు రోడ్డు. మీ బండి జారింది రెండు చక్రాలకే పవర్ ఉన్నందుకు కాదు, ఆ రెండు చక్రాల మీద బరువు లేనందుకు.

ఖాళీ పికప్‌లో బరువంతా ముందే ఉంటుంది. ఇంజిన్, గేర్‌బాక్సు, క్యాబిన్, మీరు, మీ పక్కన కూర్చున్న మనిషి, అందరూ ముందు వైపే. వెనక ఉన్నది ఉత్త రేకు, దాని కింద టన్ను పైన మోయడానికి కట్టిన కమాన్‌కట్టలు. లోడు లేకపోతే ఆ కట్టలు వంగవు. చిన్న గుంత తగిలినా చక్రం ఎగిరి పడుతుంది. బండిని తోసేదీ, దిగుడులో గేరు మీద ఆపేదీ ఆ ఎగిరే చక్రాలే.

నాకు ఇది తెలిసొచ్చిన రోజు 2004 జనవరిలో, భోగికి నాలుగు రోజుల ముందు. ఆ రోజు పైన సరుకు దొరక్క ఖాళీ బండితో దిగుతున్నాను. తెల్లవారి ఐదు దాటింది. వాన లేదు. కానీ చెట్ల మీంచి మంచు కారి రోడ్డు నల్లగా తడిసి ఉంది, తడిమీద ఎండుటాకులు అతుక్కుపోయి ఉన్నాయి. మలుపు ముందు మూడో గేరు నుంచి రెండుకి మార్చి, తొందరలో క్లచ్ ఒక్కసారిగా వదిలేశాను. వెనక చక్రాలు తిరగడం ఆగిపోయి జారాయి. స్టీరింగు నా చేతుల్లో తేలిగ్గా ఉంది, బండి మాత్రం తన దారిన తాను తిరుగుతోంది. వెనక మూల పిట్టగోడకి కొట్టుకుని ఆగింది. నా పక్కన కూర్చున్న కుర్రాడు డోరు హ్యాండిల్ పట్టుకున్నాడు గానీ తియ్యలేకపోయాడు, చెయ్యి వణికిపోతోంది. దిగి వెనక టైరు మీద అరచెయ్యి పెట్టాను. పాచి పట్టిన బావి గచ్చు మీద పెట్టినట్టు జారిపోయింది. గాళ్ళు అరిగిపోయి నడిమధ్యన నున్నగా ఉంది. స్టీరింగు ముందుంటుంది కదా, మంచి టైర్లు ముందుండాలని కొత్త జత ముందు వేసి, అరిగినవి వెనక్కి మార్చింది నేనే.

అందుకే మీరు అడిగిన అన్నిటికన్నా ముందు టైర్ల సంగతి చెప్తున్నాను. మంచి జత వెనకే ఉండాలి. ముందు టైరు జారితే బండి తిన్నగా పోతుంది, మీకు తెలుస్తుంది, కాలు తీస్తే మళ్ళీ దారికొస్తుంది. వెనక టైరు జారితే బండే తిరిగిపోతుంది, మీరు తెలుసుకునేలోపు అయిపోతుంది. ముందువి కూడా బాగా అరిగి ఉంటే మాత్రం ఇటూ అటూ మార్చి లాభం లేదు, నాలుగూ కొనాలి. గాడిలో అక్కడక్కడా చిన్న రబ్బరు దిమ్మలు ఉంటాయి చూడండి, టైరు అంచున వాటి ఎదురుగా టీడబ్ల్యూఐ అని అక్షరాలుంటాయి. ఆ దిమ్మ ఎత్తు 1.6 మిల్లీమీటర్లు. టైరు దానితో సమానంగా అరిగితే చట్టం ప్రకారమే అది పనికిరాదు. ఘాట్ ఎక్కే బండికి నేను 3 మిల్లీమీటర్లు మిగిలుండగానే మార్చేయమంటాను. టైరు వయసు కూడా చూడండి. పక్కన డాట్ అన్న చోట చివరి నాలుగు అంకెలు 3217 అని ఉంటే అది 2017లో 32వ వారం తయారైనది. ఎండలో నిలబడే బండికి ఆరేళ్ళు దాటాక రబ్బరు గట్టిపడిపోతుంది, గాడి లోతుగా కనబడినా పట్టు ఉండదు. సెకండ్ హ్యాండ్ బండి అంటున్నారు కాబట్టి స్టెప్నీ తేదీ కూడా చదవండి. రీట్రేడ్ టైర్లు ఉంటే వాటిని ముందు మాత్రం వెయ్యకండి.

గాలి పొద్దున్నే, బండి కదలకముందు చూడాలి. మన దగ్గర సాయంత్రం 28 డిగ్రీల్లో గాలి పట్టించి, పైన 8 డిగ్రీల చలిలోకి వెళ్తే రెండు మూడు పాయింట్లు, ఎక్కువ గాలి పట్టే టైర్లయితే ఇంకాస్త కూడా, తగ్గిపోతుంది. ఎంత ఉండాలో డోరు దగ్గర అంటించిన కాగితం మీద ఖాళీకి వేరే, లోడుకి వేరే రాసి ఉంటుంది. జారుతోందని గాలి బాగా తగ్గించేవాళ్ళని చూశాను. వచ్చేటప్పుడు లోడుతో దిగాలి, అంత తక్కువ గాలితో టైరు వేడెక్కి పగులుతుంది. ఆ పని చెయ్యకండి.

ఇప్పుడు బరువు సంగతి. వెళ్ళేటప్పుడు ఖాళీగా వెళ్ళకండి. పాతికేసి కిలోల ఇసుక బస్తాలు నాలుగు చాలు. ఎక్కడ వేస్తారన్నది ముఖ్యం. వెనక చక్రాలకి సరిగ్గా పైన, లేదా ఒక జానెడు క్యాబిన్ వైపు. వెనక డోరుకి ఆనించి వేస్తే బండి ముక్కు పైకి లేచి స్టీరింగు పట్టు తగ్గుతుంది. మోకుతో బాడీ కొక్కాలకి బిగించి కట్టండి. కట్టని బస్తా బ్రేకు కొట్టినప్పుడు వచ్చి క్యాబిన్ వెనకాల గుద్దుతుంది. రాళ్ళు, ఇనుప దిమ్మలు వద్దు, ఇసుకే వెయ్యండి. ఎక్కడైనా చక్రం ఒకేచోట తిరుగుతుంటే బస్తా మూతి విప్పి రెండు దోసిళ్ళు దాని ముందు చల్లితే చాలు. వచ్చేటప్పుడు ఆ వంద కిలోలనీ లోడులో కలిపి లెక్కేసుకోండి. ఇంకా మంచి పని ఏమిటంటే, పైకి వెళ్ళేటప్పుడు కొబ్బరికాయలో, ఎండుచేపలో కిరాయి దొరుకుతుందేమో చూడండి. అక్కడి సంతల్లో రెండూ అమ్ముడుపోతాయి. ఇసుకకి కిరాయి రాదు.

బ్రేకుల్లో ఒక చిన్న సామాను గురించి చెప్పాలి, ఎందుకంటే దాన్ని చాలా షెడ్లలో ముట్టుకోరు. వెనక యాక్సిల్ దగ్గర ఛాసిస్‌కి ఒక వాల్వు, దాన్నుంచి యాక్సిల్‌కి ఒక సన్నటి కడ్డీ ఉంటాయి. ఎల్‌ఎస్‌పీవీ అంటారు. లోడు పడి బాడీ కిందికి దిగితే వెనక బ్రేకుకి ఒత్తిడి ఎక్కువ పంపుతుంది, ఖాళీగా ఉంటే తగ్గిస్తుంది. పాత బండ్లలో ఆ కడ్డీ తుప్పు పట్టి లోడు ఉన్న చోటే బిగుసుకుపోతుంది. అప్పుడు ఖాళీ బండి బ్రేకు కాస్త గట్టిగా తొక్కితే చాలు, వెనక చక్రాలు లాక్ అయిపోతాయి. మీ బండికి అది ఉంటే చేత్తో ఆడించి చూపించమని అడగండి. ఆడకపోతే బాగుచేయించండి, కొందరిలా తీసేసి పైపు నేరుగా కలపనివ్వకండి. బ్రేకు ఆయిలు రెండేళ్ళు దాటితే మార్చేయాలి. అది గాలిలోని తడి పీల్చుకుంటుంది, దిగుడులో వేడెక్కినప్పుడు ఆ తడి ఆవిరై పెడల్ మెత్తగా లోపలికి దిగిపోతుంది.

స్టార్టింగ్ కష్టానికి మూడు చోట్ల వెతకండి. మొదట బ్యాటరీ. రాత్రంతా ఆపి ఉంచాక మీటరు పెడితే 12.6 ఓల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగమే. సెల్ఫ్ కొడుతుండగా 9.6 కంటే కిందికి పడిపోతే బ్యాటరీకి రోజులు దగ్గరపడ్డాయి. ఇంజిన్ నడుస్తుంటే 13.8 నుంచి 14.4 మధ్య ఉండాలి, లేకపోతే తప్పు ఆల్టర్నేటర్‌ది. కొత్త బ్యాటరీ కొనేముందు టెర్మినళ్ళు విప్పి చూడండి. తెల్లగా, పచ్చగా పువ్వు పూసి ఉంటే వేడినీళ్ళలో వంట సోడా కలిపి పాత టూత్‌బ్రష్‌తో కడిగి, ఆరాక బిగించి, వేజలైన్ రాయండి. నా షెడ్డుకి బ్యాటరీ పోయిందని వచ్చే బండ్లలో చాలావాటికి ఈ కడుగుడు, ఇంజిన్ నుంచి ఛాసిస్‌కి వెళ్ళే ఎర్తు పట్టీ బిగింపుతోనే పని అయిపోతుంది.

రెండోది హీటర్ ప్లగ్గులు. తాళం తిప్పగానే డ్యాష్‌బోర్డు మీద పసుపు రంగు చుట్ట గుర్తు వెలిగే బండి అయితే, అది ఆరేదాకా ఆగి అప్పుడు సెల్ఫ్ కొట్టాలి. మీరు ఆగుతున్నారా? చాలామంది ఆగరు. ఆగినా పట్టకపోతే ప్లగ్గు వైరు విప్పి మీటరుతో చూడాలి. మంచి ప్లగ్గు ఒక ఓమ్ అటూఇటుగా చూపిస్తుంది, కాలిపోయినది ఏమీ చూపించదు. మన ఊళ్ళో వేడికి ఒకటి పోయినా తెలియదు. సెమిలిగుడలో తెల్లవారుజామున తెలుస్తుంది.

మూడోది డీజిల్‌లో నీళ్ళు. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో రాత్రి చలికి గోడల లోపల తడి పట్టి, కిందికి కారి డీజిల్ అడుగున చేరుతుంది. ఫిల్టరు కింద ఉండే మరను కొద్దిగా వదులు చేసి గాజు సీసాలో పట్టండి. అడుగున నీళ్ళు, పైన డీజిల్ విడివిడిగా కనబడతాయి. శుభ్రమైన డీజిల్ వచ్చేదాకా వదిలి బిగించేయండి. చలికాలంలో పదిహేను రోజులకోసారి ఇది చెయ్యండి, ట్యాంకు రాత్రికి నింపి ఉంచండి. పొద్దున్నే తెల్లపొగ వచ్చి రెండు నిమిషాల్లో పోతే భయం లేదు, కాలని డీజిల్ అది. బండి వేడెక్కాక కూడా తెల్లపొగ వస్తూ, రేడియేటర్‌లో నీళ్ళు తగ్గుతుంటే హెడ్ గాస్కెట్ చూపించుకోవాలి.

ఒక మాట అడుగుతాను, మీ మెకానిక్‌ని కనుక్కుని నాకు రాయండి. మీ ఇంజిన్‌లో థర్మోస్టాట్ ఉందా? మన వైపు ఎండలకి బండి వేడెక్కుతోందంటే తీసేసేది దాన్నే. దాని పని ఇంజిన్ తగినంత వేడెక్కేదాకా నీళ్ళని రేడియేటర్‌కి పోనివ్వకుండా ఆపడం. అది లేకపోతే చలిలో ఇంజిన్ ఎంతసేపు నడిచినా సరిగ్గా వేడెక్కదు. డీజిల్ ఎక్కువ తాగుతుంది, ఆయిలు పాడవుతుంది, హీటరు పెడితే చల్లగాలి వస్తుంది, అద్దం మీద ఆవిరి పోదు. సుంకి పైన టెంపరేచర్ ముల్లు అడుగునే ఉండిపోతోందంటే దాన్ని పీకేసినట్టే లెక్క. కొత్తది వేయించండి, పెద్ద ఖర్చు కాదు. రేడియేటర్‌లో బోరు నీళ్ళు ఉంటే మొత్తం తీయించి కూలెంట్ పోయించండి. ఇంజిన్ ఆయిలు 20డబ్ల్యూ40 వాడుతుంటే, మీ బండి పుస్తకం ఒప్పుకుంటే 15డబ్ల్యూ40కి మారండి, చలిలో అది తేలిగ్గా పారుతుంది.

దిగేటప్పుడు ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగండి. గేరు మలుపుకి ముందు, తిన్నటి రోడ్డు మీదే మార్చండి, క్లచ్ మెల్లగా వదలండి. న్యూట్రల్‌లో దించి డీజిల్ మిగుల్చుకుందామని ఎవరు చెప్పినా వినకండి. పైన సరుకు కోసం ఆగినప్పుడు చలి అని క్యాబిన్‌లో బొగ్గుల కుంపటి పెట్టుకోవడం, అద్దాలన్నీ బిగించి ఇంజిన్ ఆన్ చేసి పడుకోవడం ప్రాణాలమీదికి తెస్తాయి. వాటి నుంచి వచ్చే విషవాయువుకి వాసన ఉండదు. రెండు దుప్పట్లు పట్టుకెళ్ళండి.

ప్రశ్న: అన్నయ్యా, మాది నరసన్నపేట. మా ఆయన భావనపాడు నుంచి చేపలు వేసుకుని తెల్లవారకముందే టెక్కలి మీదుగా హైవే ఎక్కి శ్రీకాకుళం వెళ్తారు. పాత పికప్. హెడ్‌లైట్లు మసగ్గా ఉన్నాయని క్యాబిన్ మీద పెద్ద ఎల్‌ఈడీ పట్టీ వేయించారు. మంచు పడితే నాలుగు ఇండికేటర్లూ వెలిగించుకుని పోతే చాలంటారు. ధనుర్మాసం వస్తే నాకు నిద్ర ఉండదు, ఫోన్ ఎత్తకపోతే ఒకటే టెన్షన్. ఆయన చేస్తున్నది సరైనదేనా?

జవాబు: చెల్లెమ్మా, మీ భయంలో అర్థం ఉంది. ఆ పట్టీ తీయించేయండి. పొగమంచు అంటే గాలిలో వేలాడే నీటి బిందువులు. పైనుంచి వేసిన వెలుగు వాటికి తగిలి తిరిగి డ్రైవరు కళ్ళలోకే వస్తుంది, ఎదురుగా తెల్లటి గోడ కట్టినట్టు ఉంటుంది. బ్రైట్ వేసినా అంతే. మంచులో డిమ్ లైటే వెయ్యాలి. ఫాగ్ లైట్లు కొనాలంటే బంపరు కింద, నేలకి దగ్గరగా, వెలుగు వెడల్పుగా కిందికి పడేవి కొనండి. పసుపా తెలుపా అన్నది ఆ తర్వాత మాట.

అంతకన్నా ముందు హెడ్‌లైటు ఎందుకు మసగ్గా ఉందో చూడాలి. సముద్రపు గాలిలో, చేపల నీళ్ళు కారే బండిలో ఎర్తు కలిసే చోట్లన్నీ తుప్పు పడతాయి. రాత్రి లైటు వేసి, ఒక వైరు ముక్కతో హెడ్‌లైటు ఎర్తు పిన్నుని బ్యాటరీ నెగిటివ్‌కి తాకించి చూడమనండి. ఎర్రగా, నీరసంగా ఉన్న బల్బు ఒక్కసారి తెల్లగా వెలిగిందంటే బల్బు తప్పేమీ లేదు. ఎర్తు పాయింటు ఉప్పుకాగితంతో గీకి, కొత్త వైరు వేయిస్తే సరిపోతుంది. పైన ప్లాస్టిక్ అద్దం పచ్చబడి ఉంటే పాలిష్ పెట్టించాలి.

ఇంకొకటి. వెనక ఐసు, చేపలు నిండితే బండి ముక్కు పైకి లేస్తుంది, దాంతో డిమ్ లైటు కూడా ఎదుటివాళ్ళ కళ్ళలోకి, మంచులోకి కొడుతుంది. లోడుతో ఉన్నప్పుడే ఒక గోడకి 25 అడుగుల దూరంలో బండి నిలబెట్టి, లైటు మధ్యభాగం ఎంత ఎత్తులో ఉందో గోడ మీద సుద్దతో గీత గీయండి. డిమ్ వెలుగు పై అంచు ఆ గీతకి మూడంగుళాలు కింద ఉండాలి. లేకపోతే లైటు వెనక మరలు తిప్పి దించుకోవచ్చు.

నాలుగు ఇండికేటర్లు ఆగిన బండికి. నడిచే బండి అవి వేసుకుంటే ఎటు తిరుగుతుందో వెనకవాడికి తెలియదు, ఆగి ఉందనుకుని పక్కకి కోస్తాడు. వెనక ఎర్ర లైట్లు రెండూ వెలగాలి, వాటి మీద పొలుసులు, బురద ఉండకూడదు. మెరిసే టేపు వెనక ఎరుపు, పక్కల పసుపు, ముందు తెలుపు అంటించాలి. బాగా కమ్మేస్తే రోడ్డు అంచున ఆపొద్దు, పెట్రోలు బంకులోకో, హోటల్ ఆవరణలోకో పూర్తిగా దిగిపోవాలి. ముందు లారీ ఎర్ర లైటు పట్టుకుని వెళ్ళడం కన్నా ఎడమ అంచు తెల్లగీత చూసుకుంటూ, కనబడినంత దూరంలో ఆగగలిగే వేగంతో పోవడం క్షేమం.

అద్దం లోపలి వైపు కూడా తుడవమనండి. దేవుడి పటానికి రోజూ వెలిగించే అగరుబత్తి పొగ అద్దానికి జిడ్డుగా పడుతుంది, ఆ జిడ్డు మీద ఆవిరి తొందరగా పట్టుకుంటుంది. తడిపిన న్యూస్‌పేపరుతో తుడిచి పొడి గుడ్డతో రుద్దితే పోతుంది. బండి తోలుతుండగా మీరు ఫోన్ చెయ్యొద్దు. భావనపాడులో బయల్దేరేటప్పుడు ఒకసారి, టెక్కలిలో టీకి ఆగినప్పుడు ఒకసారి ఆయన్నే చెయ్యమని మాట తీసుకోండి.

ప్రశ్న: బాబాయ్, మాది కవిటి మండలం. ఆరు నెలల నుంచి మనాలి దగ్గర రోడ్డు పనుల కాంట్రాక్టరు దగ్గర పికప్ తోలుతున్నాను. టూ వీల్ డ్రైవ్, పాత బండి. నాకు ఇదే మొదటి చలికాలం. బండిలో గొలుసుల పెట్టె ఉంది, ఎలా వెయ్యాలో తెలియదు. డీజిల్ గడ్డకట్టకుండా కిరోసిన్ కలపాలని తోటి డ్రైవర్లు అంటున్నారు. నిజమేనా?

జవాబు: నాన్నా, మన దగ్గర మంచంటే పొగమంచు, అక్కడ మంచంటే నేల మీద పేరుకునే మంచు. రెండింటికీ ఒకటే పేరు గానీ పని వేరు. గొలుసులు వెనక చక్రాలకే వెయ్యాలి, తోసేవి అవే. మంచు పడకముందే ఒకరోజు పొడి నేల మీద వేసి, తీసి నేర్చుకో. పెట్టె మీద రాసిన సైజు, టైరు మీద సైజు ఒకటేనా చూడు. గొలుసు నేల మీద పరిచి మెలికలు తీసి, టైరు మీదుగా వేలాడదీసి, ముందు లోపలి కొక్కెం, తర్వాత బయటిది తగిలించాలి. బండి కొద్దిగా ముందుకి నడిపి మళ్ళీ బిగించు. వంద మీటర్లు పోయాక ఆగి ఇంకోసారి చూడు. గొలుసులతో 30, 40 దాటొద్దు. తారు కనబడే రోడ్డు మీద తీసేయాలి, లేకపోతే తెగి బ్రేకు పైపు మీద కొడతాయి. అటల్ టన్నెల్ 9 కిలోమీటర్ల పొడవు. మనాలి వైపు రోడ్డు పొడిగా ఉన్నా అటు సిస్సు వైపు మంచు ఉండొచ్చు, అది మనసులో పెట్టుకో. ముందు చక్రాలకి గొలుసు లేదు కాబట్టి దిగుడులో స్టీరింగు, బ్రేకు రెండూ నెమ్మదిగానే. వంతెనల మీద, కొండ నీడ పడే చోట గాజు పొరలా ఐసు ఉంటుంది, అది కనబడదు.

డీజిల్ సంగతి నీకు సులువుగా అర్థమవుతుంది. ఉద్దానం పిల్లాడివి కదా. సంక్రాంతి చలికి ఇంట్లో కొబ్బరినూనె సీసాలో తెల్లగా గడ్డకట్టేది గుర్తుందా? డీజిల్‌లో ఉండే మైనం కూడా అలాగే పేరుకుని ఫిల్టరుని మూసేస్తుంది. కిరోసిన్ కలిపితే పలచబడుతుంది, నిజమే. కానీ పంపుకి, ఇంజెక్టర్లకి జారుడు ఇచ్చేది డీజిల్‌లోని జిడ్డే. కిరోసిన్‌తో అవి అరిగిపోతాయి. పెట్రోలు అసలే కలపకూడదు. చలి ప్రాంతాలకని వేరే డీజిల్ ఉంది. 2019లో ఇండియన్ ఆయిల్ లడఖ్ కోసం మైనస్ 33 డిగ్రీల దాకా పారే డీజిల్ తెచ్చింది. కింద వేడి ఊళ్ళలో నింపిన డీజిల్‌తో పైకి వెళ్ళకుండా, అక్కడి బంకులో అడిగి పోయించుకో. ట్యాంకు ఎప్పుడూ నిండుగా ఉంచు. గడ్డకట్టిందని ట్యాంకు కింద మంట పెట్టేవాళ్ళుంటారు, నువ్వు ఆ దరిదాపుల్లో కూడా ఉండొద్దు.

కూలెంట్ సగం, డిస్టిల్డ్ వాటర్ సగం ఉండేలా చూసుకో. ఉత్త నీళ్ళుంటే గడ్డకట్టి ఇంజిన్ బ్లాకు పగులుతుంది. రాత్రి ఆపేటప్పుడు హ్యాండ్ బ్రేక్ వెయ్యకు, తడిసిన లైనర్లు డ్రమ్ముకి అతుక్కుపోతాయి. చదును చోట గేరులో పెట్టి చక్రాలకి దిమ్మలు పెట్టు. పొద్దున్నే అద్దం మీద వేడినీళ్ళు పోస్తే పగిలిపోతుంది, గీకి తీసుకో. మంచు బాగా పడుతున్నప్పుడు బండి తియ్యనని చెప్పడానికి మొహమాటపడకు. ఇంటికి ఫోన్ చేస్తుండు.

ప్రశ్న: మేస్త్రీ గారూ, చీపురుపల్లి దగ్గర రైతుని. కోతలయ్యాక పికప్ కళ్ళం దగ్గరే పెడతాను. ఎలుకలు వైర్లు కొరికేస్తున్నాయి. రోడ్ల మీద వరిగడ్డి, చోళ్ళు ఆరబోస్తున్నారు, వాటి మీంచి పోతే ఏమైనా ఇబ్బందా?

జవాబు: చేలో తిండి అయిపోయాక ఎలుక వెచ్చటి చోటు వెతుక్కుంటుంది, వేడి ఇంజిన్ దానికి మంచి గూడు. బండిని గడ్డివాముకి దూరంగా, నాలుగు వైపులా నేల కనబడే చోట పెట్టండి. రాత్రి బానెట్ ఎత్తి ఉంచితే వేడీ చీకటీ రెండూ పోతాయి, చాలావరకు రావు. పొద్దున్న సెల్ఫ్ కొట్టేముందు ఒకసారి లోపలికి చూడండి. కొరికిన వైరుకి టేపు చుట్టి వదిలేయకుండా కొత్త ముక్క అతికించి, పైన ముడతల ప్లాస్టిక్ గొట్టం తొడిగించండి.

గడ్డి మీంచి పోవడం ఇబ్బందే. మంచుకి తడిసిన గడ్డి, చోళ్ళ గింజలు సబ్బు నురగలా జారతాయి, అక్కడ బ్రేకు కొట్టకుండా నెమ్మదిగా దాటాలి. దానికన్నా పెద్ద సమస్య కింద ఉంది. గడ్డి ప్రొపెల్లర్ షాఫ్టుకి తాడులా చుట్టుకుంటుంది, సైలెన్సర్ పక్కనే ఉంటే రాజుకుంటుంది. కాలిన వాసన వచ్చినా, కింద గరగర చప్పుడొచ్చినా వెంటనే ఆపండి. ఇంజిన్ ఆపి, గేరులో పెట్టి, చక్రాలకి రాళ్ళు అడ్డం పెట్టాకే కిందికి దూరండి. సైలెన్సర్‌కి చెయ్యి తగలకుండా, కొడవలి కొనతో గడ్డిని నిలువునా కోస్తే ఊడొస్తుంది. మొదట చుట్టుకున్న పోగులు జాయింటు దగ్గర సీలు లోపలికి దూరి ఉంటాయి, వాటిని కూడా తియ్యండి.